కోపం వచ్చిన పిల్లవాడికి ఒక గది

2002లో అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో, విండ్సర్ హిల్స్ అనే ప్రాథమిక పాఠశాలకు ఫుట్‌బాల్ నేర్పేవాళ్ళు కావలసి వచ్చారు. బడి వదిలాక పిల్లల్ని కాసేపు మైదానంలో పరుగెత్తించి, అలసిపోయాక ఇళ్ళకు పంపితే చాలనుకున్నారు. ఆ పనికి పిలిస్తే వచ్చిన ముగ్గురు యువకులు ఫుట్‌బాల్ మాట పక్కనపెట్టి, యోగా నేర్పుతామన్నారు. బడివాళ్ళు సరేనన్నారు. అయితే ఆ ముగ్గురికీ అప్పగించిన పిల్లలు మామూలు పిల్లలు కారు. ఐదో తరగతి మగపిల్లలు, ఇరవైమంది దాకా. ఏ టీచరుకూ లొంగనివాళ్ళు, రోజూ ఎవరితోనో ఒకరితో కలబడేవాళ్ళు, ఆ బడిలో అందరి నోటా ‘చెడ్డపిల్లలు’ అనిపించుకున్నవాళ్ళు. మొదట్లో తరగతి సమయమంతా కొట్లాటలు విడదీయడానికే సరిపోయేది.

పద్నాలుగేళ్ళ తర్వాత, 2016లో, అదే నగరంలోని రాబర్ట్ డబ్ల్యు. కోల్‌మన్ ప్రాథమిక పాఠశాల గురించి ప్రపంచమంతా చెప్పుకుంది. అక్కడ తప్పు చేసిన పిల్లవాణ్ణి ప్రిన్సిపల్ గదికి పంపడానికి బదులు ధ్యానపు గదికి పంపుతున్నారని, కిందటి ఏడాది ఒక్క సస్పెన్షన్ కూడా లేదని, ఈ ఏడాదీ ఇంతవరకు లేదని పత్రికలు రాశాయి. మన తెలుగు వాట్సాప్ గుంపుల్లో కూడా తిరిగిన వార్తే అది. ‘చూశారా, మన ధ్యానం అమెరికాను ఎలా మార్చిందో’ అని మురిసిపోయినవాళ్ళు చాలామంది. కానీ ఆ వార్తలో లేనిది ఒకటుంది. ఫుట్‌బాల్ కోచ్‌ల కోసం వెతికిన రోజుకీ, ఆ గదికీ నడుమ గడిచిన పద్నాలుగేళ్ళు. అసలు కథ అక్కడుంది.

ఆ ముగ్గురిలో ఇద్దరు అన్నదమ్ములు, అలీ స్మిత్, ఆత్మన్ స్మిత్. మూడో అతను ఆండ్రెస్ గొంజాలెజ్, మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో వాళ్ళకు స్నేహితుడైనవాడు. స్మిత్ సోదరులు పుట్టి పెరిగింది పశ్చిమ బాల్టిమోర్‌లోనే. నల్లజాతివారు ఎక్కువగా ఉండే పేట. ఒకప్పుడు ఉక్కు కర్మాగారాలతో, ఓడరేవుతో బతికిన నగరం అది. పనులు పోయాక ఇళ్ళు పాడుబడ్డాయి, మత్తుమందుల వ్యాపారం వీధుల్లో పాతుకుపోయింది. ఆ పేటలో స్మిత్‌ల ఇల్లు కొంచెం వేరు. తల్లిదండ్రులిద్దరికీ యోగమన్నా ధ్యానమన్నా గురి. చిన్నకొడుకు పేరు చూస్తేనే ఆ సంగతి తెలుస్తుంది. పొద్దున్నే బడికి వెళ్ళే ముందు పిల్లలిద్దరినీ తండ్రి ధ్యానంలో కూర్చోబెట్టేవాడు. పెద్దయ్యే కొద్దీ ఆ అలవాటు వాళ్ళను వదిలేసింది, లేదా వాళ్ళే దాన్ని వదిలేశారు. చదువు ముగించుకుని 2001 నాటికి ముగ్గురూ అదే పేటకు చేరారు. ఉద్యోగాల వేటకన్నా ముందు పుస్తకాల మీద పడ్డారు. మనిషి ఎందుకు బతకాలి, ఎలా బతకాలి అన్న ప్రశ్నలు వేసుకునే వయసు. చదివినకొద్దీ, చదువుతో అయ్యే పని కాదిది, ఎవరైనా నేర్పాలి అనిపించింది.

నేర్పేవాడు ఇంటికి తెలిసినవాడే. స్మిత్‌ల తండ్రికి చిన్ననాటి స్నేహితుడు, పిల్లలు మామయ్య అని పిలిచే విల్ జాయ్‌నర్. ఆయన యోగ సాధకుడు. నేర్పమని అడిగితే ఆయన పెట్టిన షరతు ఒక్కటే: నాకు శిష్యులు అక్కర్లేదు, నేర్చుకున్నది పదిమందికి నేర్పేవాళ్ళయితే రండి. ఈ కథలో అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఇదేనని నా నమ్మకం. తర్వాత జరిగినదంతా ఈ షరతు లోంచే వచ్చింది. ముగ్గురూ ఒప్పుకున్నారు. అదే ఏడాది ‘హోలిస్టిక్ లైఫ్ ఫౌండేషన్’ అని ఒక సంస్థను పెట్టారు. ఆఫీసు లేదు, డబ్బు లేదు. మరుసటి ఏడాదే విండ్సర్ హిల్స్ నుంచి పిలుపు వచ్చింది.

ఆ ఇరవైమంది దగ్గరికి మళ్ళీ వెళ్దాం. వాళ్ళను కళ్ళు మూసుకోమనడమే పెద్ద పని. తుపాకి మోత ఎప్పుడు వినబడుతుందో తెలియని వీధుల్లో పెరిగిన పిల్లలకు కళ్ళు మూసుకోవడమంటే జాగ్రత్తను వదులుకోవడం. ఆ సంగతి బయటినుంచి వచ్చిన టీచరుకు తట్టకపోవచ్చు గానీ ఆ వీధుల్లోనే పెరిగిన అన్నదమ్ములకు చెప్పనక్కరలేదు. అందుకే ముందు ఒళ్ళు అలిసేలా ఆసనాలు, ఆటలు. తర్వాత ఊపిరి మీద ధ్యాస. చివర కొద్ది నిమిషాలు కదలకుండా పడుకోవడం. ఇది బడిలో గంటసేపు చెప్పి వెళ్ళిపోయే పాఠం కాదు. పిల్లల్ని కార్లలో ఎక్కించుకుని తిప్పారు, వాళ్ళతో కలిసి వీధులు ఊడ్చారు, ఇంట్లో ఎవరికి ఏ కష్టమొచ్చిందో కనుక్కున్నారు. తండ్రి జైల్లో ఉన్నవాడికి, అమ్మమ్మ దగ్గర పెరుగుతున్నవాడికి ఈ ముగ్గురూ అన్నలయ్యారు. అంతకుముందు ఆ పిల్లల దగ్గరికి పెద్దవాళ్ళు వచ్చింది వాళ్ళేదైనా తప్పు చేసినప్పుడే. తప్పు చేయని రోజు కూడా వచ్చి కూర్చునే పెద్దమనిషిని వాళ్ళు చూడటం అదే మొదలు.

తర్వాత జాయ్‌నర్ షరతు పనిచేయడం మొదలైంది. నేర్చుకున్న పిల్లల చేతనే తోటివాళ్ళకు నేర్పించారు. ముందు వరసలో నిలబడి ‘ఊపిరి పీల్చండి, వదలండి’ అని చెప్పేది ఐదో తరగతి కుర్రాడే. నిన్నటిదాకా ‘చెడ్డపిల్లవాడు’ అనిపించుకున్నవాడికి పదిమంది ముందు నిలబడి నేర్పే మర్యాద దక్కితే వాడి నడక మారిపోతుంది. మొదటి బృందంలోని పిల్లల్లో కొందరు పెద్దవాళ్ళయ్యాక అదే సంస్థలో ఉపాధ్యాయులుగా చేరారు. ఇంటికి అలసి చిరాకుగా వచ్చిన తల్లిని కూతురు కూర్చోబెట్టి, ఊపిరి ఎలా తీసుకోవాలో నేర్పిందని తల్లులే వచ్చి చెప్పిన సందర్భాలు ఉన్నాయి.

ఇదంతా జరుగుతున్న కాలంలో అమెరికా బడులు శిక్షల విషయంలో ఎక్కడున్నాయో చూస్తే గాని ఈ పని విలువ తెలియదు.

బడిలో కొట్టడాన్ని న్యూజెర్సీ రాష్ట్రం 1867లోనే నిషేధించింది. దాని తర్వాత ఇంకో రాష్ట్రం ఆ పని చేయడానికి నూరేళ్ళకు పైగా పట్టింది. 1971లో మసాచుసెట్స్ చేసింది. 1977లో ఇంగ్రహామ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు, ఫ్లోరిడాలో ఒక పద్నాలుగేళ్ళ పిల్లవాణ్ణి చెక్కబద్దతో ఇరవై దెబ్బలకు పైగా కొట్టిన వ్యవహారం మీద తీర్పు చెబుతూ, బడి దెబ్బలు రాజ్యాంగం నిషేధించిన క్రూర శిక్షల కిందికి రావని ఐదుగురు న్యాయమూర్తుల మెజారిటీతో తేల్చింది. మిగిలిన నలుగురు ఒప్పుకోలేదు. బాల్టిమోర్ ఉన్న మేరీలాండ్ రాష్ట్రం 1993లో బెత్తాన్ని చట్టం ద్వారా ఆపింది. బెత్తం పోయింది గాని, శిక్షించాలన్న కోరిక పోలేదు. 1994లో తుపాకులు లేని బడుల చట్టం వచ్చింది. తుపాకి తెచ్చిన విద్యార్థిని ఏడాదిపాటు బడి నుంచి తీసేయాలి. ఆ చట్టం ఉద్దేశం వేరు. దాని నీడలో పెరిగిన ‘ఏమాత్రం సహించం’ అనే ధోరణి మాత్రం తుపాకి దగ్గర ఆగలేదు. ఎదురు మాట్లాడినా, బల్ల గుద్దినా, తరగతిలోంచి బయటికి నడిచినా సస్పెన్షనే.

బాల్టిమోర్ సంగతే చూడండి. 2003–04 విద్యా సంవత్సరంలో ఆ నగరపు ప్రభుత్వ బడుల్లో పిల్లలందరూ కలిపి 88 వేల దాకా ఉంటే, ఇచ్చిన సస్పెన్షన్లు 26 వేలు దాటాయి. ఒకే పిల్లవాణ్ణి పదేపదే పంపినవీ వీటిలో ఉంటాయి, అయినా అది మామూలు అంకె కాదు. దేశం మొత్తం మీద లెక్క తీస్తే 2011–12లో తెల్లపిల్లల్లో నూటికి ఐదుగురు సస్పెండైతే, నల్లపిల్లల్లో పదహారుగురు అయ్యారు. ఇంకా అక్షరాలు కూడా దిద్దని ప్రీస్కూలు పిల్లల్లో సైతం ఈ తేడా ఉంది. ఆ తరగతుల్లో నల్లపిల్లలు నూటికి పద్దెనిమిదిమంది. ఒకసారికి మించి సస్పెండైన వాళ్ళలో మాత్రం నూటికి నలభై ఎనిమిదిమంది వాళ్ళే. నాలుగేళ్ళ పిల్లని బడి నుంచి సస్పెండ్ చేయడమంటే ఏమిటో నాకు ఎన్నిసార్లు ఆలోచించినా మింగుడుపడదు. ఆ పిల్లకు సస్పెన్షన్ అన్న మాటే తెలియదు. ‘రేపు నువ్వు రావద్దు’ అన్నది మాత్రం తెలుస్తుంది.

ఇంటికి పంపితే ఏమవుతుంది? ఏ గొడవల ఇంటి నుంచి, ఏ వీధి నుంచి వాడు కోపం మోసుకొచ్చాడో అక్కడికే వాణ్ణి తిరిగి పంపినట్లవుతుంది. పాఠాలు పోతాయి. తల్లి కూలి పోతుంది. తిరిగొచ్చేసరికి తరగతి ముందుకు వెళ్ళిపోయి, అర్థం కాని పాఠం మళ్ళీ అల్లరికి దారి తీస్తుంది.

పిల్లవాడు ఉత్తినే అల్లరి చేయడనీ, దాని వెనుక శరీరం పడే బాధ ఒకటుంటుందనీ వైద్యులు గట్టిగా చెప్పడం మొదలుపెట్టింది కూడా ఈ కాలంలోనే. 1998లో విన్సెంట్ ఫెలిట్టి, రాబర్ట్ ఆండా అనే వైద్యులు, చిన్నతనంలో దెబ్బలు, నిర్లక్ష్యం, ఇంట్లో హింస, తాగుడు చూసినవారికి పెద్దయ్యాక ఎక్కువ జబ్బులు వస్తున్నాయని వేలమంది రికార్డులతో చూపించారు. భయం నిత్యం వెంటాడే పిల్లవాడి ఒంట్లో కాపలా వ్యవస్థ ఎప్పుడూ మేలుకునే ఉంటుంది. పక్కవాడి మోచెయ్యి తగిలినా అది దాడిగానే తోస్తుంది. గుండె దడదడలాడుతుంది, పిడికిలి బిగుస్తుంది, చెయ్యి లేస్తుంది. మెదడులో ముందుభాగం, అంటే ఆగు, ఆలోచించు అని చెప్పే భాగం, పసివయసులో ఇంకా పూర్తిగా ఎదిగి ఉండదు. ఆ క్షణాన ‘ఎందుకు కొట్టావ్?’ అని అడిగితే వాడి దగ్గర జవాబు ఉండదు. అబద్ధం చెప్పాలని కాదు, నిజంగానే వాడికి తెలియదు.

అలాంటప్పుడు పిల్లవాడి చేతిలో ఉన్న తాళంచెవి ఊపిరి ఒక్కటే. గుండె వేగాన్ని మనం ఆజ్ఞాపించి తగ్గించలేం. ఊపిరిని మాత్రం తగ్గించగలం. ఊపిరి పీల్చేటప్పుడు గుండె కొద్దిగా వేగం అందుకుంటుంది, వదిలేటప్పుడు నెమ్మదిస్తుంది. వదిలే ఊపిరిని పొడిగిస్తే, మెదడు నుంచి గుండె దాకా, పొట్ట దాకా దిగే వేగస్ నాడి ద్వారా ఒళ్ళంతటికీ నెమ్మదించమన్న కబురు అందుతుంది. ఇందులో మహిమ ఏమీ లేదు. మన ప్రాణాయామ సాధకులకు అనుభవంలో ఎప్పటినుంచో తెలిసిన సంగతే. ఆసుపత్రి గుమ్మం దాటి ఇది లోపలికి వచ్చింది 1979లో. ఆ ఏడాది మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో జాన్ కబట్-జిన్, బౌద్ధ ధ్యానాన్ని మతం మాటెత్తకుండా రోగులకు నేర్పే కార్యక్రమం మొదలుపెట్టారు. అక్కడినుంచి అది బడుల దాకా రావడానికి మరో రెండు దశాబ్దాలు పట్టింది.

మతం మాటెత్తకపోవడం అమెరికా ప్రభుత్వ బడుల్లో చిన్న విషయం కాదు. కాలిఫోర్నియాలోని ఎన్సినిటాస్‌లో, మైసూరు యోగాచార్యుడు పట్టాభి జోయిస్ పేర వెలసిన ఫౌండేషన్ ఇచ్చిన డబ్బుతో ప్రాథమిక బడుల్లో యోగా పెడితే, ఇది హిందూమత బోధ అని కొందరు తల్లిదండ్రులు కోర్టుకెళ్ళారు. 2013లో ఒక న్యాయమూర్తి, 2015లో అప్పీలు కోర్టు, అది మతబోధ కాదని తేల్చాయి. ఆ లోపు బడివాళ్ళు పద్మాసనం పేరు కూడా మార్చి, పిల్లలు మఠం వేసుకుని కూర్చోవడానికి వాడే ఆటపేరు పెట్టుకున్నారు. బాల్టిమోర్ మిత్రులు మొదటినుంచీ ఆ జాగ్రత్తలో ఉన్నారు. తాము పెరిగిన ఇంట్లో దేవుడి మాటలూ ఉన్నాయి, బడిలో మాత్రం ఊపిరి, ఒళ్ళు, మనసు అన్న మాటలతోనే సరిపెట్టారు. చర్చికి వెళ్ళే అమ్మమ్మకు గానీ మసీదుకు వెళ్ళే తండ్రికి గానీ అభ్యంతరం రానివ్వకూడదని.

అలా ఏళ్ళు గడిచాక, ఆ సంస్థ ఒకటొకటిగా బడులు పెంచుకుంటూ వచ్చాక, కోల్‌మన్ బడిలో ఒక గది ఏర్పడింది. 2016 నాటి దాని తీరు ఇది. లోపల మెత్తటి దీపాల వెలుగు, నేలమీద ఊదారంగు దిండ్లు, పరుపులు. తరగతిలో పిల్లవాడు అదుపు తప్పితే టీచరు చీటీ ఇచ్చి పంపుతుంది, లేదా పిల్లవాడే తనకు కోపం ముంచుకొస్తోందని గమనించి వస్తాడు. గదిలో ఫౌండేషన్ మనిషి ఒకరు ఎప్పుడూ ఉంటారు. ముందు ఏం జరిగిందో చెప్పనిస్తారు. వింటారు. తర్వాత ఇద్దరూ కలిసి ఊపిరి సాధన చేస్తారు. ఒళ్ళు చల్లబడ్డాక, మళ్ళీ అలాంటిదే జరిగితే ఏం చేస్తావు అన్న మాట వస్తుంది. అప్పుడు పిల్లవాడు తరగతికి తిరిగి వెళ్తాడు. ఇవి కాక పొద్దున బడి మొదలయ్యేటప్పుడు, సాయంత్రం ముగిసేటప్పుడు మైకులో వచ్చే సూచనలతో బడి మొత్తం కొద్ది నిమిషాలు ఊపిరి మీద ధ్యాస పెడుతుంది. బడి అయ్యాక యోగా ఉంటుంది, ఇంటిపాఠాల్లో సాయం ఉంటుంది. అంటే కోపం వచ్చిన రోజున ఆ గదిలోకి అడుగుపెట్టే పిల్లవాడికి ఆ సాధన కొత్త కాదు. రోజూ చేసేదాన్నే ఆ రోజు అవసరానికి వాడుకుంటాడు. వార్తలు గది ఫొటోలు వేశాయి. ఈ రోజువారీ అభ్యాసాన్ని ఒక వాక్యంలో దాటేశాయి.

ఆ బడి ఉన్న చోటును కూడా మరవకూడదు. 2015 ఏప్రిల్ 19న ఫ్రెడ్డీ గ్రే అనే ఇరవై ఐదేళ్ళ నల్లజాతి యువకుడు, పోలీసుల అదుపులో ఉండగా వెన్నెముకకు తగిలిన దెబ్బతో చనిపోయాడు. 27న, అంత్యక్రియల నాడు, మొండామిన్ అనే అంగళ్ళ సముదాయం దగ్గర హైస్కూలు పిల్లలకూ పోలీసులకూ మధ్య మొదలైన ఘర్షణ నగరంలో చాలాచోట్లకు మంటలుగా పాకింది. కోల్‌మన్ బడి ఆ మొండామిన్‌కు దగ్గరలోనే ఉంటుంది. ఆ వారం ఆ పేట పిల్లలు కిటికీల్లోంచి ఏం చూసి ఉంటారో ఊహించుకోవచ్చు. వాళ్ళకు ధ్యానం నేర్పి, వీధిని అలాగే వదిలేస్తే చాలా? ఈ ప్రశ్న అమెరికాలో చాలామంది అడిగారు, అడగవలసిందే. అన్యాయాన్ని ఓర్చుకోవడం నేర్పే మందుగా ధ్యానాన్ని వాడితే అది మోసం. కానీ కోపాన్ని పట్టుకోగల మనిషి అన్యాయాన్ని ప్రశ్నించలేడని ఎవరన్నా అంటే నేనొప్పుకోను. దేని మీద, ఎవరి మీద తన కోపమో తెలిసినవాడే సరిగ్గా ప్రశ్నిస్తాడు.

ఇక ఫలితాల మాట. సున్నా సస్పెన్షన్ల వార్త చూసి, ధ్యానం వల్లే ఇదంతా అని తీర్మానించడం తొందరపాటు. ఎందుకంటే ఆ కాలంలోనే బాల్టిమోర్ బడుల నియమాలే మారాయి. 2007లో నగర బడుల అధిపతిగా వచ్చిన ఆండ్రెస్ అలోన్సో, చిన్న తప్పులకు సస్పెండ్ చేయకుండా నియమావళిని తిరగరాయించారు. 2003–04లో 26 వేలు దాటిన సస్పెన్షన్లు 2009–10 నాటికి పది వేల లోపుకు దిగాయి. అప్పటికి చాలా బడుల్లో ధ్యానపు గది అన్న ఊసే లేదు. తర్వాత 2017లో, రెండో తరగతి దాకా ఉన్న పిల్లల్ని, తీవ్రమైన ప్రమాదం ఉంటే తప్ప, సస్పెండ్ చేయకూడదని మేరీలాండ్ చట్టం చేసింది. కాబట్టి కోల్‌మన్ సున్నాలో పెద్దల నిర్ణయానికీ వాటా ఉంది, పిల్లల సాధనకూ వాటా ఉంది. ఎవరి వాటా ఎంత అన్నది ఒక బడి లెక్కతో తేలేది కాదు.

పరిశోధనలు ఏమన్నాయి? ఈ ముగ్గురి పనినే తీసుకుని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయానికి చెందిన తమార్ మెండెల్సన్, పెన్ స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన మార్క్ గ్రీన్‌బర్గ్, వారి సహచరులు బాల్టిమోర్‌లోని నాలుగు ప్రాథమిక బడుల్లో పరీక్షించి 2010లో ప్రచురించారు. నాలుగు, ఐదు తరగతుల పిల్లలు 97 మంది. రెండు బడుల్లో పన్నెండు వారాలపాటు, వారానికి నాలుగు రోజులు, రోజుకు 45 నిమిషాలు సాధన చేయించారు. మిగతా రెండు బడులు ఆగి తర్వాత మొదలుపెట్టాయి. సాధన చేసిన పిల్లల్లో జరిగినదాన్నే తలుచుకుని తలుచుకుని కుమిలిపోవడం, వద్దన్నా వచ్చే ఆలోచనలు, చప్పున రెచ్చిపోవడం తగ్గాయి. దిగులు లక్షణాల్లో, స్నేహితులతో సంబంధాల్లో అంత స్పష్టమైన తేడా కనబడలేదు. చిన్న అధ్యయనం, నిజాయితీగా చెప్పిన అధ్యయనం.

దానికి ఎదురుగా పెట్టి చూడవలసినది 2022లో బ్రిటన్ నుంచి వచ్చింది. ఆక్స్‌ఫర్డ్ శాస్త్రవేత్తలు మిరియడ్ పేరుతో 85 బడుల్లో, ఎనిమిది వేలమందికి పైగా పిల్లల మీద చేసిన పెద్ద పరీక్ష. పదకొండు దాటిన పిల్లలు, హైస్కూలు వయసువాళ్ళు. మామూలు టీచర్లకు శిక్షణ ఇచ్చి, వారి చేత తరగతి అంతటికీ ధ్యాన పాఠాలు చెప్పించారు. పిల్లల మానసిక ఆరోగ్యంలో, బడులు ఎప్పటిలా చెప్పే పాఠాలకన్నా ఏ మేలూ కనబడలేదు. చాలామంది పిల్లలు ఇంటి దగ్గర సాధన చేయనే లేదు. ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తోచేది ఇది: పుస్తకంలో పాఠంగా పెట్టి, వారానికొకసారి అందరికీ ఒకేలా చెబితే ధ్యానం ఇంకో సబ్జెక్టు అవుతుంది. బాల్టిమోర్‌లో పనిచేసింది పాఠం కన్నా మనుషులు. తమ వీధివాళ్ళు, రోజూ వచ్చేవాళ్ళు, తామూ సాధన చేసేవాళ్ళు. దీన్ని అంకెల్లో రుజువు చేయడం కష్టం. కానీ విల్ జాయ్‌నర్ పెట్టిన షరతులో ఉన్నది ఇదే.

మన దగ్గరికి వస్తే, బడి శిక్షలకు తెలుగులో ఉన్నన్ని పేర్లు ఇంకెక్కడైనా ఉంటాయా అనిపిస్తుంది. గోడకుర్చీ, గుంజీళ్ళు, తొడపాశం, చింతబరికె, ఎండలో మోకాళ్ళ మీద నిలబెట్టడం. వీధిబడుల కాలంలో కోదండం ఉండేది, పిల్లవాణ్ణి తాడుకు వేలాడదీసే శిక్ష. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. దాని పదిహేడో సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నీ, మనసు నొప్పించి వేధించడాన్నీ రెంటినీ నిషేధించింది. బెత్తం చాలాచోట్ల బల్ల సొరుగులోకి వెళ్ళింది. అయితే దాని స్థానంలో ఏం చేయాలో ఎవరూ టీచర్లకు నేర్పలేదు. అరవైమంది పిల్లలున్న గదిలో ఒంటరిగా నిలబడే టీచరమ్మను ‘కొట్టకు’ అని మాత్రం చెప్పి వదిలేయడం ఆమెకూ అన్యాయమే.

శిక్ష లేని బడి ఎలా ఉంటుందో మదనపల్లె దగ్గర రిషివ్యాలీ ఎప్పటినుంచో చూపిస్తూనే ఉంది. మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి చిన్నప్పుడు మద్రాసులో, మైలాపూరు బడిలో, పాఠం రాలేదని రోజూ దెబ్బలు తిన్నాడు. వరండాలోకి గెంటేస్తే ఏడుస్తూ నిలబడిపోయేవాడు. తమ్ముడు నిత్య వచ్చి చెయ్యిపట్టుకుని ఇంటికి తీసుకెళ్ళేవాడు. ఆ పిల్లవాడు పెద్దయ్యాక తలపెట్టిన బడిలో భయం ఉండకూడదనుకోవడంలో వింత లేదు. రిషివ్యాలీలో సాయంత్రం పిల్లలంతా కొండవాలున చేరి సూర్యుడు కుంగేదాకా మాట్లాడకుండా కూర్చుంటారు. అస్తాచల్ అంటారు దాన్ని. అది శిక్షా కాదు, పద్ధతీ కాదు. ధ్యానాన్ని ఒక పద్ధతిగా మార్చి బలవంతాన చేయిస్తే మనసు మొద్దుబారుతుందని కృష్ణమూర్తి జీవితమంతా హెచ్చరించాడు. బర్మా నుంచి 1969లో విపశ్యనను మన దేశానికి తెచ్చిన సత్యనారాయణ గోయెంకా దారి వేరు. ఆయన పద్ధతినే నేర్పాడు. హైదరాబాద్ శివార్లలో నాగార్జునసాగర్ రోడ్డు మీద ఆ సంప్రదాయపు కేంద్రం 1976 నుంచి నడుస్తోంది. పిల్లలకు ఆనాపాన, అంటే వచ్చే పోయే ఊపిరిని ఊరికే గమనించడం నేర్పే తరగతులు ఆ సంప్రదాయంలో ఉన్నాయి. ఢిల్లీ ప్రభుత్వం 2018 జూలైలో దలైలామా చేతుల మీదుగా మొదలుపెట్టిన హ్యాపీనెస్ కరిక్యులంలో కూడా తరగతి మొదట్లో కొన్ని నిమిషాల ధ్యానం పెట్టారు. కాబట్టి మనకు విద్య తెలియక కాదు, నేర్పేవాళ్ళు లేకా కాదు.

నాకున్న భయం ఒకటే. మన బడుల్లో ఇది మొదలైతే, ‘అల్లరి చేశావు, పో, ఆ మూల కళ్ళు మూసుకుని అరగంట కూర్చో’ అనే రూపంలో మొదలవుతుందేమో. అప్పుడది గోడకుర్చీకి ఇంకో పేరు అవుతుంది. ఆ పిల్లవాడు బతికినంతకాలం ధ్యానం మాట వింటే ఆ మూలే గుర్తు తెచ్చుకుంటాడు. బాల్టిమోర్ గదిలోకి వెళ్ళిన పిల్లవాడికి ఎదురుగా ఒక మనిషి కూర్చుంటాడు, ముందు వాడు చెప్పేది వింటాడు, వాడితోపాటు తానూ కళ్ళు మూసుకుంటాడు. ఆ మనిషి లేకపోతే ఆ గదికి తాళం వేయడమే మేలు.

ఆంధ్రప్రదేశ్‌లోనైనా తెలంగాణలోనైనా, ఈ పని తలపెట్టే ప్రధానోపాధ్యాయులకు నా మనవి: గదికోసం, దిండ్లకోసం, నిధులకోసం ఆగకండి. ముందు మీ టీచర్లలో ఇష్టమున్న ఇద్దరినో ముగ్గురినో నేర్చుకోనివ్వండి, వాళ్ళకు ఆ పనికి పీరియడ్లలో కొంత వెసులుబాటు ఇవ్వండి. పొద్దున ప్రార్థన అయ్యాక ఐదు నిమిషాలు తరగతి అంతటితో, అల్లరి చేసినవాడితోనూ చేయనివాడితోనూ కలిసి, కూర్చోండి. కూర్చోలేని పిల్లవాణ్ణి, కళ్ళు మూయడానికి భయపడేవాణ్ణి బలవంతం చేయకండి. మీ బడిలో అందరికన్నా ఎక్కువ దెబ్బలు తిన్న పిల్లవాడు ఎవరో మీకు తెలుసు. కొంతకాలానికి, తోటివాళ్ళకు నేర్పమని ముందు వాణ్ణే పిలవండి.